అప్‌డేట్: బేసి సంఖ్యల త్రిభుజంలో ఘనాలు ఎందుకు వస్తున్నాయో తేలింది

బేసి సంఖ్యలను 1; 3, 5; 7, 9, 11; 13, 15, 17, 19 అంటూ త్రిభుజంగా పేర్చితే వరుసల మొత్తాలు 1, 8, 27, 64 అని ఘనాలే ఎందుకవుతున్నాయో, బీజగణితం రాని పిల్లలకు దాన్ని ఎలా చెప్పాలో లోగడ అడిగాను. మొత్తాన్ని వదిలి వరుస నడుమను చూడమని మీలో ఒకరిచ్చిన సలహాను అనంతపురంలో నేను పాఠం చెప్పే ఆరో తరగతిలో అమలు చేశాను.

ఒక అమ్మాయి నల్లబల్ల మీద 13ను 19తో, 15ను 17తో గీత గీసి కలిపి, రెండు జతలకూ 32 రావడం చూపింది. అంటే సగటు 16, అది నాలుగు వర్గం; సంఖ్యలు నాలుగు కనుక మొత్తం నాలుగు ఘనం. సగటు వర్గమే ఎందుకంటే, పై మూడు వరుసల్లో ఆరు సంఖ్యలు అయిపోవడంతో నాలుగోది ఏడో బేసి సంఖ్య 13తో మొదలై పదోదైన 19తో ముగుస్తుంది, ఆ రెండూ 16కు చెరో 3 దూరంలో ఉంటాయి. మిగతా వరుసల్లోనూ ఇదే లెక్క.

నన్ను ఎక్కువగా ఆనందపరిచింది ఇంకొకటి: ఒకటి నుంచి వరుసగా కూడిన బేసి సంఖ్యల మొత్తం ఎప్పుడూ వర్గమే కాబట్టి, నాలుగు వరుసల్లోని పది సంఖ్యలూ కలిసి 100 అవుతాయి, నాలుగు ఘనాల మొత్తమూ అదే. వరుస ఘనాల మొత్తం, ఆ సంఖ్యల మొత్తానికి (ఇక్కడ 1+2+3+4 = 10కి) వర్గమనే ఈ నియమాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే చెప్పాడు.

ఇప్పుడు పిల్లలు సరి సంఖ్యలను అలాగే పేరుస్తున్నారు: వరుసల మొత్తాలు 2, 10, 30, 68.