లాస్ట్ మౌంటెన్ సరస్సులో బర్బాట్ చేప ఎక్కడ పడుతుంది?

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజీనాకు వాయవ్యంగా ఉన్న లాస్ట్ మౌంటెన్ సరస్సులో ఈ శీతకాలం చివర బర్బాట్ చేపకు గాలం వేయాలనుకుంటున్నాను. అనుభవమున్నవారు దయచేసి అనువైన చోటు సూచించగలరు. సముద్రపు కాడ్ చేపకు బంధువైనా మంచినీటిలో బతికే ఈ చేప, గడ్డం కింద ఒంటి మీసంతో, జిగురు పట్టిన పొడవాటి ఒంటితో రాత్రివేళ అడుగున మేత వెతుకుతుందనీ, మంచుగడ్డ కిందే గుడ్లు పెడుతుందనీ తెలుసు. సుమారు 90 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సులో మంచుకు రంధ్రం ఎక్కడ వేయాలన్నదే తేలడం లేదు. రాళ్లు పరచుకున్న లోతు తక్కువ మెరకలపైనా, లేక వాటి పక్కన లోతుకు దిగే అంచులలోనా? అదే రాష్ట్రంలో గార్డినర్ ఆనకట్ట వెనుక ఉన్న డీఫెన్‌బేకర్ జలాశయమే మేలంటే అక్కడికైనా వెళ్తాను. బర్బాట్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు గాని, దాని తెల్లని గట్టి కండ నాకెంతో ఇష్టం. ప్రాణమున్న చేపపిల్లలను ఎరగా వాడటం సస్కాచెవాన్‌లో నిషేధం కనుక, చేపముక్కను గాలానికి గుచ్చి అడుగున ఆనించి ఉంచితే సరిపోతుందా, అప్పుడప్పుడూ కదపాలా అన్నది కూడా తెలుపగలరు.