1957 ఎమ్మెల్యే పేరు ఎక్కడా దొరకట్లేదు, బోర్డు రేపే రాయించాలి

గ్రంథాలయం బల్ల:
మా గ్రంథాలయంలో ఇంతవరకు గెలిచిన ఎమ్మెల్యేల పేర్లతో బోర్డు పెడుతున్నాం. ఆకుపచ్చ రేకు మీద పెయింటర్ పసుపు గీతలు కొట్టేసి వెళ్లాడు. 1955 వరుస నిండింది, 1962 నిండింది, మధ్యలో 1957 ఖాళీగా ఉంది. సాయంత్రం నుంచి మూడు గంటలు వెతికాను. ఒక చోట ఆ సంవత్సరమే లేదు. ఇంకో చోట ఒక పేరుంది, కానీ ఆయన ఎమ్మెల్యేగా చేశారని మా పెద్దలెవరూ వినలేదు. 1994 తర్వాత మధ్యంతరం జరిగిందని కూడా అంటున్నారు. అందులో గెలిచినవారి పేరు ఎన్నికల సంఘం నివేదికలో లేదు. ఎవరో తీసేసినట్టున్నారు. తప్పు రాస్తే ఊరంతా చూస్తుంది, ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు వెంటనే చెప్పండి.

పెన్నా గట్టు:
ఏ నియోజకవర్గం?

పాత మ్యాపు:
ఏదైనా సరే, ముందు హద్దులు చూసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో 300 స్థానాలు, 1967లో 287, 1978లో 294. అంకె మారినప్పుడల్లా ఊళ్లు అటూ ఇటూ పోయాయి. 2009 ఎన్నికలకు ముందు మళ్లీ పునర్విభజన. పేరు అదే ఉంటుంది, ఓటేసే ఊళ్లు వేరు. తాత ఒక నియోజకవర్గంలో ఓటేస్తే మనవడు అదే ఇంట్లో ఉండి ఇంకో నియోజకవర్గంలో వేస్తాడు. అన్నీ కలిపి ఒకే జాబితాగా రాయడం నాకు నచ్చదు. కనీసం పునర్విభజన జరిగిన చోటల్లా ఒక అడ్డగీత కొట్టించండి.

గ్రంథాలయం బల్ల:
హిందూపురం అండీ. రాశాననుకున్నాను. హద్దుల సంగతి తర్వాత చూద్దాం, 1957 చెప్పండి.

పెన్నా గట్టు:
అసెంబ్లీయా, లోక్‌సభా? ఆ పేరుతో రెండూ ఉన్నాయి.

గ్రంథాలయం బల్ల:
ఎమ్మెల్యే అని పైనే రాశాను కదా.

పెన్నా గట్టు:
మీకు 1957 పేరు దొరికిన జాబితాలో 1967కు ఎవరున్నారు?

గ్రంథాలయం బల్ల:
నీలం సంజీవరెడ్డి గారు.

పెన్నా గట్టు:
అది ఎంపీల జాబితా. ఆయన 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరయ్యారు.

తాలూకా కచేరి:
బల్ల గారూ, మీ జాబితా నుంచి ఎవరూ ఏమీ తీసేయలేదు. 1957లో మీ దగ్గర అసెంబ్లీ ఎన్నికలే జరగలేదు. 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దాంతో 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు పెట్టారు. 196 స్థానాలు. మరుసటి ఏడాది తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957 వచ్చేసరికి ఆంధ్ర, రాయలసీమ సభ్యులు గెలిచి రెండేళ్లే కాబట్టి వాళ్లను అలాగే ఉంచి, తెలంగాణలోని 105 స్థానాలకే అసెంబ్లీ ఎన్నికలు జరిపారు. 1955లో గెలిచినవారే 1962 దాకా కొనసాగారు. లోక్‌సభకు మాత్రం 1957లో అందరూ ఓటేశారు. అందుకే ఎంపీల జాబితాలో ఆ ఏడాది కనిపిస్తుంది. మీ బోర్డులో ఆ వరుస తీసేయండి.

ఇంకో మాట. ఎవరైనా పక్క నియోజకవర్గాలకు బోర్డు రాయిస్తుంటే, 1955కు ఒకే స్థానంలో రెండు పేర్లు కనిపిస్తే ఒకటి కొట్టేయకండి. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి, జనరల్ సభ్యుడొకరు, రిజర్వుడు సభ్యుడొకరు. 1961లో చట్టం చేసి వాటిని ఎత్తేశారు.

పాత మ్యాపు:
1996లో హిందూపురంలో జరిగింది మధ్యంతరం కాదండీ, ఉప ఎన్నిక. సభ గడువు తీరకముందే రద్దయి మొత్తం సభకు ఎన్నికలొస్తే మధ్యంతరం. 1955లో జరిగింది అదీ.

కరువు సీమ:
కొత్త రాష్ట్రానికి మొదటి ఎన్నికలు కదా 1955వి, వాటిని మధ్యంతరం అని ఎలా అంటారు?

పాత మ్యాపు:
కొత్త రాష్ట్రమే, కానీ సభ్యులు పాతవాళ్లు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచినవాళ్లే ఆంధ్ర సభలో కూర్చున్నారు. వాళ్ల గడువు 1957 దాకా ఉండాలి.

కరువు సీమ:
గడువు మద్రాసు సభది, ఆంధ్ర సభది కాదు. నేను ఒప్పుకోను.

తాలూకా కచేరి:
ఆ వాదన వేరే చోట పెట్టుకోండి. బల్ల గారూ, మీ రెండో ప్రశ్న. ఎన్టీఆర్ 1985, 1989, 1994 మూడుసార్లు హిందూపురం నుంచి గెలిచారు. 1996 జనవరి 18న ఆయన పోయాక ఆ ఏడాది ఉప ఎన్నికలో హరికృష్ణ గెలిచారు. సార్వత్రిక ఎన్నికల నివేదికల్లో ఉప ఎన్నికల ఫలితాలుండవు, అందుకే మీకు దొరకలేదు. 1999లో సి. వెంకటరాముడు.

కరువు సీమ:
1985లో ఎన్టీఆర్ నల్గొండ, గుడివాడల్లో కూడా గెలిచారంటారు. ఒకే మనిషి మూడు చోట్లా? రెండుకు మించి కుదరదే.

తాలూకా కచేరి:
రెండు అనే పరిమితి 1996 సవరణతో వచ్చింది. 1985లో అది లేదు. మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు.

గ్రంథాలయం బల్ల:
ఆ జాబితాలో 1957 వరుస ఒక్కటే చూశాను, పైన శీర్షిక చూడలేదు. పెయింటర్‌కు ఫోన్ చేశాను, పొద్దున్నే వచ్చి ఆ గీత చెరిపేస్తానన్నాడు. 1996 పక్కన ఉప ఎన్నిక అని చిన్న అక్షరాలతో రాయిస్తున్నాం. థ్యాంక్సండీ.

పాత మ్యాపు:
అడ్డగీతల సంగతి ఏం చేశారు?