1967 ఎంజీబీ: కంపెనీ గాలి డబ్బాలు మళ్లీ బిగించాలా, పాన్‌కేక్ ఫిల్టర్లే ఉంచాలా?

కొత్తయజమాని:
అందరికీ నమస్కారం. ఆరు నెలల కిందట 1967 ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నాను. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపేవి). నాకంటే ముందున్న యజమాని మూతిగొట్టాలున్న కంపెనీ గాలి డబ్బాలు (ఎయిర్ ఫిల్టర్ డబ్బాలు) రెండూ తీసేసి, పలచని గుండ్రటి పాన్‌కేక్ ఫిల్టర్లు పెట్టించారు. ఇబ్బందులు రెండు. ట్రాఫిక్‌లో పావుగంట నిలిచాక యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం తడబడి, ఆ తర్వాతే అందుకుంటుంది. రెండోది, ఖాళీ రోడ్డు మీద కూడా 4000 ఆర్‌పీఎం దాటితే లాగదు. డబ్బాలు వెతికి కొనమంటారా, ఈ ఫిల్టర్లతోనే సర్దుకోమంటారా?

పాతసామాను:
డబ్బాలు కొనండి. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్లూ, కాలిన పొగను బయటికి పంపే ఎక్సాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. మానిఫోల్డ్ ఎర్రగా కాగుతుంటే దాని నెత్తినే కార్బురేటర్లు కూర్చుంటాయి. మధ్యలో సెగను అడ్డేది ఒక్క రేకు. పాన్‌కేక్ ఫిల్టర్ నాలుగు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి ఆ సెగనంతా పీల్చుకుంటుంది. ఆ డబ్బాలూ మూతిగొట్టాలూ అబింగ్డన్‌లో ఎవరో అందం కోసం పెట్టినవి కావు.

టాప్‌గేరు:
మళ్లీ మొదలు. పద్నాలుగేళ్లుగా పాన్‌కేక్ ఫిల్టర్లతో నడుపుతున్నాను. 5500 దాకా జంకు లేకుండా లాగుతుంది. సన్న మూతిగొట్టంలోంచి ఇంజిన్ ఊపిరి పీల్చాలంటే ముక్కు మూసుకుని పరుగెత్తమన్నట్టే. కొత్తయజమాని గారూ, ఫిల్టర్లు మార్చకండి. లోపల స్టబ్ స్టాకులు, అంటే గుండ్రటి అంచున్న పొట్టి మూతులు, వేయించండి. ఫిల్టర్ వెనక పలక చదునుగా ఉంటే గాలి పదునైన అంచు మీదుగా లోపలికి తిరగాల్సి వస్తుంది, అక్కడ సుడులు పడతాయి. అంచు గుండ్రంగా ఉంటే నునుపుగా జారిపోతుంది.

నూనెగుడ్డ:
శబ్దం కూడా బాగుంటుంది పాన్‌కేక్‌లతో. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

పాతసామాను:
శబ్దమే కావాలంటే బాజా కొనుక్కోవచ్చు.

నీటిమట్టం:
ఇద్దరూ కొలత లేకుండానే మాట్లాడుతున్నారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది. అంటే 5000 ఆర్‌పీఎం దగ్గర ఈ 1798 సీసీ ఇంజిన్ పూర్తిగా నిండినా నిమిషానికి తాగేది సుమారు 4500 లీటర్ల గాలి. అంత గాలికి డబ్బా ఎంత అడ్డు తగులుతుందో తెలుసుకోవాలంటే ఒక పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి నీళ్లు పోయండి. ఒక కొస డబ్బా లోపల, ఇంకో కొస బయట. నీటి మట్టాల తేడాయే జవాబు. 100 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకుందాం. మన చుట్టూ ఉన్న గాలి బరువు సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభంతో సమానం. అంటే మీరు పోగొట్టుకున్నది ఒక్క శాతం!

అదే గాలి 30 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే సాంద్రత 9 శాతం పడిపోతుంది. ఎక్కువ నష్టం ఎక్కడో మీరే చూడండి.

టాప్‌గేరు:
60 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి? బండి పరుగెత్తుతుంటే రేడియేటర్ జాలీలోంచి గాలి బానెట్ కింద ఈదురుగాలిలా వీస్తుంది. నా థర్మామీటర్ బయటికంటే ఐదారు డిగ్రీలకు మించి ఎప్పుడూ చూపించలేదు.

పాతసామాను:
ఆయన అడిగింది ట్రాఫిక్ గురించి.

టాప్‌గేరు:
ఆయన 4000 దాటితే లాగడం లేదని కూడా అడిగారు. మీకు నచ్చిన ముక్క మాత్రమే చదువుతారు.

కొత్తయజమాని:
రెండు పరీక్షలు చేశాను. బయట 31 డిగ్రీలు ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో పావుగంట నిలిచాక ఫిల్టర్ పక్కన 58. రోడ్డు మీద పరుగులో 38. ఆ తర్వాత రెండు ఫిల్టర్లూ తీసేసి ఐదు నిమిషాలు నడిపాను. 4000 దగ్గర బ్రేకు వేసినట్టు ఉండేది కాస్తా పోయింది. 5000 దాకా హాయిగా లాగింది!

టాప్‌గేరు:
చూశారా? ఫిల్టరే ఊపిరి ఆపుతోంది. పాన్‌కేకే ఇలా ఉంటే ఆ డబ్బా ఇంకెంత ఆపుతుందో. పెద్ద సైజు ఫిల్టర్లు వేయండి, సమస్య తీరుతుంది.

పాతసామాను:
58 డిగ్రీలు. నేను చెప్పింది అదే. నా లెక్క అక్కడితో పూర్తయింది.

నూనెగుడ్డ:
ఇద్దరూ గెలిచారు. మిఠాయిలు పంచండి.

అరంగుళంరెంచి:
ఇద్దరూ గెలవలేదు. కొత్తయజమాని గారూ, ఫిల్టర్ తీసినప్పుడు దాంతో పాటు గాస్కెట్ కూడా ఊడి వచ్చింది కదా? కార్బురేటర్ మూతి చుట్టూ ఉన్న ఫ్లాంజి మీద, బోల్టు రంధ్రాలు కాకుండా, చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కార్బురేటర్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ అడుగుకు బయటి గాలి పీడనం అందేది అక్కడి నుంచే. పైన గంట ఆకారపు గదిలో చూషణ, కింద బయటి పీడనం, ఈ రెండింటి తేడాతోనే ఎస్‌యూ పిస్టన్ లేస్తుంది. గాస్కెట్ తలకిందులుగా పెడితేనో, ఫిల్టర్ పలకలో ఆ రంధ్రాలకు దారి లేకపోతేనో పిస్టన్ సగంలో ఆగిపోతుంది. ఫిల్టర్ తీయగానే రంధ్రం తెరుచుకుంటుంది, బండి బాగుపడుతుంది, అందరూ ఫిల్టర్‌ను తిడతారు.

స్టబ్ స్టాకు వేసేటప్పుడు కూడా ఇదే చూసుకోవాలి.

కొత్తయజమాని:
వెనక కార్బురేటర్ గాస్కెట్ తలకిందులుగా ఉంది. సరిచేసి అవే ఫిల్టర్లు పెట్టి నడిపాను. 5000 దాకా లాగుతోంది. ధన్యవాదాలు. ట్రాఫిక్‌లో తడబాటు మాత్రం అలాగే ఉంది.

నీటిమట్టం:
అది వేడి పని. ఎస్‌యూలో పిస్టన్ గొంతు దగ్గరి పీడన తేడాను దాదాపు ఒకే తీరున ఉంచుతుంది. కాబట్టి జెట్ అనే సన్న రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు పెద్దగా తగ్గదు. 31 నుంచి 58కి వెళ్తే గాలి సాంద్రత 8 శాతం తగ్గుతుంది, మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. పైగా కార్బురేటర్ పక్కనుండే ఫ్లోట్ గిన్నెలో నిలిచిన పెట్రోలు కాగి ఆవిరవుతుంటే తడబడకుండా ఎలా ఉంటుంది? ముందు ఆ రేకు సరిగా ఉందో లేదో చూడండి. దాని మీద వేడిని ఆపే పొర చాలా కార్లలో ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

పాతసామాను:
రేకు సరే, డబ్బాలు కూడా. ఒక్కసారి ఒప్పుకుంటే పోయేదేముంది, టాప్‌గేరు గారూ?

టాప్‌గేరు:
ఒప్పుకోవడానికి నేనేమైనా ట్రాఫిక్‌లో నిలబడి కారు నడుపుతానా? మీ కారు సంవత్సరంలో పదకొండు నెలలు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. గాలి ఎలా పీలుస్తుందో మీకెలా తెలుస్తుంది?

నిర్వాహకుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇది మొదటి హెచ్చరిక.

పాతసామాను:
చెబుతాను. పదకొండేళ్ల కిందట కార్బురేటర్ల ట్యూనింగ్‌కని ఒక మెకానిక్ దగ్గర కారు వదిలాను. నన్ను ఒక్క మాట అడగకుండా డబ్బాలు పీకి, పాన్‌కేక్ ఫిల్టర్లు బిగించి, డబ్బాలు తుక్కులో పారేశాడు. "ఇప్పుడు బాగా ఊపిరి పీలుస్తుంది సార్" అన్నాడు, అచ్చం మీ మాటే. అవి మా నాన్నగారు తన చేత్తో రంగు వేసిన డబ్బాలు. ఇప్పుడు ఉన్నవి వేరే కారువి. కాబట్టి ఎవరైనా తేలిగ్గా "తీసేయండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

టాప్‌గేరు:
ఆ సంగతి నాకు తెలియదు. నా సంగతీ వినండి. ఒక పాత కార్ల ప్రదర్శనకు మూడు వందల కిలోమీటర్లు వానలో నడుపుకుంటూ వెళ్లాను. న్యాయనిర్ణేత బానెట్ ఎత్తి, ఫిల్టర్లు చూసి, "ఇది అసలు ఎంజీబీ కాదు" అని మార్కులు కోసేశాడు. బహుమతి ట్రైలర్ మీద వచ్చిన కారుకు దక్కింది. ఆ కారు అక్కడ స్టార్ట్ కూడా కాలేదు, నలుగురూ తోశారు. డబ్బాలు పెట్టమని ఎవరైనా అంటే నాకు ఆ మనిషి గొంతే వినిపిస్తుంది.

నూనెగుడ్డ:
అంటే ఈ రెండు రోజులూ మనం మాట్లాడుతున్నది గాలి గురించి కాదన్నమాట.

పాతసామాను:
నేను గాలి గురించే మాట్లాడాను. 58 డిగ్రీలు.

అరంగుళంరెంచి:
కొత్తయజమాని గారూ, వీళ్లు తేల్చుకునేలోపు ఇంకొక్కటి చూడండి. కొన్ని మోడళ్లలో వాల్వ్ కవర్ నుంచి ఒక బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలికి గాలి ఆడే గొట్టం) ముందు డబ్బాలోకి వచ్చేది. డబ్బా తీసినవాళ్లు దాన్ని గాలికి వదిలేస్తుంటారు. మీది అలా వేలాడుతుంటే వడకట్టని దుమ్ము నేరుగా ఇంజిన్ నూనెలోకి పోతుంది.

కొత్తయజమాని:
వేలాడుతోంది! చివర ఒక గుడ్డ కట్టి ఉంది.

టాప్‌గేరు:
ఆ గుడ్డ తీసేసి చిన్న బ్రీదర్ ఫిల్టర్ పెట్టండి. లేదంటే, సరే, ట్రాఫిక్‌లోనే ఎక్కువ తిరుగుతానంటే డబ్బాలు పెట్టుకోండి. నా దగ్గర ఒక జత ఉంది. ఫోటో పంపుతాను, మీ మోడల్‌కు సరిపోతాయేమో చూడండి.

పాతసామాను:
మీ దగ్గర డబ్బాలు ఉన్నాయా? పద్నాలుగేళ్లుగా?

టాప్‌గేరు:
నా కారువే. అటక మీద, నూనె రాసిన కాగితంలో చుట్టి పెట్టాను.

పాతసామాను:
పనికిరాని సామాను అంత జాగ్రత్తగా ఎందుకు దాచారో?

టాప్‌గేరు:
అది వేరే విషయం.

పాతసామాను:
కొత్తయజమాని గారూ, ఆ జత తీసుకోకండి. ఆయన కారుకే ఉండనివ్వండి. మీకు నేను వేరేచోట వెతికి పెడతాను.