గోమార్లు గోడలెక్కుతున్నాయి. కుక్కని వదిలేయాలా?

సింగ్‌నగర్ కండక్టర్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధి మీద పడ్డప్పుడు ఓ కుక్కపిల్ల ఈదుకుంటూ వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. నీళ్లు పోయాయి గానీ అది పోలేదు. మనవడు దానికి బుడమేరు అనే పేరు పెట్టాడు. ఇప్పుడది బుడ్డోడు.

బాధల్లా గోమార్లతో. కుక్క ఒంటి మీదుంటే ఏదో అనుకోవచ్చు, ఇవి గోడలెక్కుతున్నాయండీ. క్యాలెండరు వెనక, తలుపు చట్రం సందులో, ట్యూబ్‌లైటు పట్టీ కింద. మొన్న రాత్రి టార్చి వేసి లెక్కపెడితే 37 (ఎక్కినవాళ్లని లెక్కపెట్టందే నాకు నిద్రపట్టదు). మా బావమరిది గేదెల మందు తెచ్చి బుడ్డోడికి రుద్దాడు. రెండు రోజులు తగ్గి, వారానికల్లా మళ్లీ మామూలే.

నిన్న ఆరేళ్ల మనవడి చెవి వెనక ఒకటి కరుచుకునుంది. మా ఆవిడ కిరసనాయిలు చుక్క వేసింది, నేను పీకి గోటితో నలిపేశాను. "కుక్కో నేనో తేల్చుకోండి" అని కూర్చుంది. పైగా కుక్క రెండు రోజులుగా పెరుగన్నం ముట్టడం లేదు. పిల్లాడికేమన్నా అవుతుందా?

పెదకాకాని పాడి:
బాబాయ్ గారూ, మేం పిడుదులంటాం. గేదెలకి మేమూ అదే మందు కొడతాం, కుక్కకి మాత్రం వద్దు. అది ఒళ్లు నాక్కుంటుంది. మూడేళ్ల కింద నా జెర్సీ ఆవు ఈ పిడుదుల వల్లే పోయింది. విపరీతమైన జ్వరం, భుజం ముందు బిళ్ల కట్టింది. థైలీరియా అనే పిడుదుల జబ్బు అన్నారు. పక్కనే కట్టేసిన ఒంగోలు ఆవుకి చీమ కుట్టినట్టు కూడా లేదు. పశువు ఒంటికి కొడుతూ పోయాం గానీ కొట్టం గోడ పగుళ్లు చూడలేదు. తర్వాత సిమెంటు పెట్టి పూడిస్తే గానీ అదుపులోకి రాలేదు. మీరూ కుక్కని వదిలి గోడని పట్టుకోండి.

గన్నవరం ఫైనలియర్:
నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. గోడ గురించి అన్నయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కుక్క పిడుదు పిల్లగా ఒకసారి, కొంచెం ఎదిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందికి రాలి సందుల్లో దూరుతుంది. ఆడది ఆ సందుల్లోనే వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. అందుకే వారానికి మళ్లీ కనబడ్డాయి. కుక్క మీద మీకు కనిపించేవి కొన్నే.

తిండి మానేసిందన్నారు కదా, రేపటిదాకా ఆగకండి. చిగుళ్లు పాలిపోయాయేమో, ముక్కులోంచి రక్తం వస్తోందేమో చూసి వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఎర్లీకియా (పిడుదుల వల్ల కుక్కలకి వచ్చే జబ్బు) అయితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర సాధారణంగా 28 రోజులు ఇస్తారు. కుక్క నాలుగో రోజే హుషారుగా తిరిగినా మధ్యలో ఆపకూడదు. ఆ మాత్రని పాలల్లోనో పెరుగులోనో కలపొద్దు, ఒంటికి సరిగ్గా పట్టదు. ఇక మీదట పిడుదులు పట్టకుండా నెలకో, 12 వారాలకో ఒకసారి వేసే మాత్రలున్నాయి. కుక్క బరువు చూసి డాక్టరే రాయాలి, ఇదివరకు మూర్ఛలొచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందులు తేవద్దు, పిల్లికి ప్రాణాంతకం.

బాబు విషయం. ఎర్లీకియా కుక్క నుంచి మనిషికి నేరుగా అంటుకోదు. కానీ ఈ పిడుదులే టిక్ టైఫస్ అనే జ్వరాన్ని మనుషులకి తేగలవు. కరిచిన తేదీ రాసిపెట్టుకోండి. రెండు వారాల్లో జ్వరం, తలనొప్పి, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు కనిపిస్తే "పిడుదు కరిచింది" అని పిల్లల డాక్టరుకి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. స్క్రబ్ టైఫస్ వేరండీ, అది పొదల్లో ఉండే చిన్న పురుగు వల్ల వస్తుంది.

ఈసారి కిరసనాయిలు వద్దు, గోరూ వద్దు. సన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగి స్పిరిట్ సీసాలో వేయండి. నలిపితే అందులోని రసం వేలి మీద గాట్లలోకి పోతుంది. కరిచిన చోటా, చేతులూ సబ్బుతో కడగండి.

సింగ్‌నగర్ కండక్టర్:
40 రోజుల తర్వాత రాస్తున్నాను. ఎర్లీకియానే. మొత్తం 28 రోజులూ మాత్ర వేశాం. మొదటి రెండు రోజులు పెరుగన్నంలోనే పెట్టబోతే మా ఆవిడే చేయి పట్టుకుని ఆపింది, ఈ జవాబులన్నీ నాకంటే ముందు ఆవిడే చదివింది లెండి. మనవడికి క్యాలెండర్లో గళ్లు కొట్టుకుంటూ రెండు వారాలు చూశాం, జ్వరం రాలేదు. మేస్త్రీని పిలిచి చట్రాల సందులు పూడ్పించాను, బుడ్డోడు పడుకునే గోనెపట్టాలు తగలబెట్టాను.

నిన్న రాత్రి లెక్క 4. ట్యూబ్‌లైటు పట్టీ వెనక ఇంకా చూడలేదు, నిచ్చెన పక్కింటివాళ్ల దగ్గరుంది.