కాస్టిగ్లియోని కౌంటెస్ సామానంతా చివరికి ఏమైంది?

పాతట్రంకు:
ఈవిడ గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. రాత్రి నిద్రపట్టక న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో పాత ఫోటోలు చూస్తుంటే ఒకదాని దగ్గర ఆగిపోయా, ఒకావిడ కోలగా కత్తిరించిన నల్ల ఫ్రేమ్‌ని మొహానికి అడ్డం పెట్టుకుని అందులోంచి ఒంటికన్నుతో సూటిగా మనల్నే చూస్తుంటుంది, 1860ల ఫోటో అంటే నమ్మబుద్ధి కాలేదు. వివరాల్లో కౌంటెస్ ఆఫ్ కాస్టిగ్లియోని, అసలు పేరు వర్జీనియా ఓల్దోయిని, 1837లో ఫ్లోరెన్స్‌లో పుట్టింది, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ప్రియురాలు అని ఉంది. ఆ లవ్ స్టోరీ నాకొద్దు గానీ, ఆ గౌన్లూ నగలూ ఇంటి సామానూ ఆవిడ పోయాక ఎవరికి చేరాయి? పిల్లలున్నారా? మా అమ్మమ్మ ట్రంకు పెట్టె పంచుకోడానికే మా ఇంట్లో ఆర్నెల్లు గొడవ జరిగింది, అందుకే అడుగుతున్నా 😅

గోదారిగట్టు:
ఒక్కడే కొడుకండీ, జార్జియో. 1879లో మశూచితో పోయాడు, ఆవిడ పోయింది 1899 నవంబర్‌లో, అంటే ఇరవై ఏళ్లు ముందే. మొగుడు అంతకంటే ముందే పోయాడు. అందుకే మీ ఇంట్లోలా పంపకాల గొడవ లేదు, 1901లో పారిస్‌లో వేలం వేసేశారు. రాబెర్ ద మోంతెస్క్యూ అని ఒక కవి, ఆయనకి ఈవిడంటే పిచ్చి, దొరికినవి దొరికినట్టు కూడబెట్టాడు. ఆయన దగ్గర పోగైన ఫోటోలే 433. అవి తర్వాత మెట్‌కి చేరబట్టే మీరు నిద్ర మానుకుని చూడగలిగారు. 1913లో ఈవిడ మీద పుస్తకం కూడా రాశాడాయన.

నన్నడిగితే ఆవిడ అసలు ఆస్తి ఆ ఫోటోలే. 1856లో పారిస్‌లో మేయర్ అండ్ పియర్సన్ స్టూడియోకి మొదటిసారి వెళ్లింది, అక్కణ్ణించి పియర్సన్ చేత విడతలు విడతలుగా ముప్పై తొమ్మిదేళ్ల పాటు 400కి పైగా తీయించుకుంది. ఏ గౌను, ఏ పోజు, ఎట్నించి తీయాలి, అన్నీ తనే చెప్పేది. కొన్నిటికి పైన రంగులు వేయించింది, అదీ ఆవిడ చెప్పినట్టే.

చార్మినార్_చాయ్:
అన్నా గిదంతా సెల్ఫీ పిచ్చే కదా, కాలం మారింది గానీ మనిషి మారలే 😂 అంత డబ్బుంటే నేను కూడా తీయించుకుందును.

గోదారిగట్టు:
తమ్ముడూ, సెల్ఫీ అయితే టప్పున నొక్కేసి పోతాం. ఇక్కడ ఆవిడ చేసింది వేరు. 1857లో ఒక బాల్‌కి, అంటే దొరల డాన్స్ పార్టీకి, పేకలో ఆటీన్ రాణి వేషం వేసుకెళ్లింది, గౌను నిండా హృదయం ఆకారాలు. అది చూసి మహారాణి యూజీనీ "హృదయం కాస్త కిందకి జారినట్టుందే" అందని చెప్పుకుంటారు. ఆ వెలుగు ఎన్నాళ్లో లేదు, ఆ ఏడాదే చక్రవర్తి దగ్గర పరపతి పోయింది. తర్వాత 1860లలో మళ్లీ పారిస్ వచ్చి అదే వేషం వేసుకుని స్టూడియోలో నిలబడింది. అంటే పాత రాత్రిని ఫోటోగా దాచుకుంది. అక్కడ నాకు నవ్వు రాలేదు.

నీలిచీర:
దాచుకోవడం అంటే గుర్తొచ్చింది. చివర్లో పారిస్‌లో ప్లాస్ వాండోమ్ దగ్గర ఉండేది, గదులకి నల్ల అలంకరణ, కిటికీలు మూసి, అద్దాలన్నీ తీయించేసింది. చీకటి పడితే గానీ బయటికి రాదు, వచ్చినా మొహానికి ముసుగు. అద్దాలు వద్దనుకున్న మనిషే 1890లలో పళ్లూడి, జుట్టు పోయి, విగ్గు పెట్టుకుని మళ్లీ పియర్సన్ ముందు కూర్చుంది. 1894లో అయితే మొహం వద్దనుకుని వట్టి కాళ్లే తీయించుకున్న ఫోటో కూడా ఉంది, అది ఒక్కసారి చూడండి, మనసు అదోలా అయిపోతుంది.

వీలునామాలో ఏం రాసుకుందో తెలుసా, 1857 నాటి కొంపియేన్ నైట్‌గౌను తొడిగి పాతిపెట్టమని. చక్రవర్తి కొంపియేన్ కోటలో విడిదికి పిలిచిన కాలంనాటిది అది, సన్నటి బట్ట, లేసు. కాళ్ల దగ్గర తన రెండు కుక్కల్ని స్టఫ్ చేయించి పెట్టమంది. నవ్వకండి, మా నాయనమ్మ కూడా పెళ్లిచీర మడత విప్పకుండా దాచుకుని పోయేటప్పుడు కట్టండే అని అందరికీ చెప్పి పెట్టుకుంది.

చార్మినార్_చాయ్:
సరే అక్కా, సెల్ఫీ మాట ఎన్కకు తీసుకున్న. కుక్కల సంగతి మాత్రం మస్తుంది.

పాతట్రంకు:
థాంక్యూ అందరికీ. నేను గౌన్లు ఎక్కడున్నాయని అడిగితే మీరు కాళ్ల ఫోటో దగ్గరికి తీసుకొచ్చారు, ఇప్పుడే వెతికి చూశా, పైనుంచి తీసినట్టుంది, శవపేటికలోకి తొంగిచూసినట్టే ఉంది. నీలిచీర గారూ, మీ నాయనమ్మకి ఆ చీర కట్టారా లేదా, అది చెప్పలేదు మీరు?

నీలిచీర:
కట్టామండీ. మడతల దగ్గర చిరిగిపోయింది, పైన ఇంకో చీర కప్పాల్సొచ్చింది.