చేతిపంపు నీటిలో లీటరుకు 62 మైక్రోగ్రాముల ఆర్సెనిక్: ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (ముర్షిదాబాద్ జిల్లా నుంచి):
ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా పశ్చిమ బెంగాల్‌లో ఉంటున్నాము. అద్దె ఇంటి పెరట్లోని చేతిపంపు నీటినే తాగడానికి, వంటకు వాడుతున్నాము. నీరు తేటగానే ఉంటుంది, రుచిలో తేడా లేదు. పరీక్ష చేయిస్తే మాత్రం ఆర్సెనిక్ అనే విష పదార్థం లీటరుకు 0.062 మిల్లీగ్రాములని (అంటే 62 మైక్రోగ్రాములని) వచ్చింది. పరిమితి 0.05 కాబట్టి కొద్దిగానే ఎక్కువని, కాచి తాగితే చాలునని ఇంటివారు అంటున్నారు. మా పాపకు నాలుగేళ్లు, బరువు 15 కిలోలు. ఎవరిలోనూ లక్షణాలు కనిపించడం లేదు. ఎంత భయపడాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (నీటి పరీక్షల రంగం):
కాచడం వల్ల ఆర్సెనిక్ పోదండి; నీరు ఇగిరిన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. 0.05 పాత లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే మార్గదర్శక విలువను 0.01కి తగ్గించింది, మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కూడా ఆమోదయోగ్య పరిమితి అదే. ఆ 0.01 కూడా పూర్తి నిరపాయమని కాదు, తొలగించడంలోనూ కొలవడంలోనూ ఉన్న ఇబ్బందులను బట్టి పెట్టుకున్న తాత్కాలిక విలువ.

పాప రోజుకు లీటరు నీరు తాగితే 62 మైక్రోగ్రాములు, అంటే కిలో బరువుకు నాలుగుకు పైగా పడుతుంది. రెండు లీటర్లు తాగే 60 కిలోల పెద్దవారికి పడేది కిలోకు సుమారు రెండే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలా ఏళ్లు వాడిన ప్రామాణిక మోతాదు (జీవితాంతం రోజూ అందినా హాని ఉండదని అంచనా వేసినది) కిలోకు రోజుకు 0.3 మైక్రోగ్రాములు మాత్రమే. అన్నం, పప్పు పీల్చుకున్న నీరు ఈ లెక్కలో చేరలేదు. ఒకే నీరు తాగుతున్నా పాపకు రెట్టింపు మోతాదు అందుతున్నదన్నదే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది.

సమాధానం (వైద్యుడు):
లక్షణాలు లేవని నిశ్చింతగా ఉండకండి. ఛాతీపై చినుకులు పడినట్టుండే మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి బొడిపెలు సాధారణంగా ఏళ్ల తరబడి తాగాకే బయటపడతాయి. చిలీలోని ఆంటోఫాగస్టా నగరవాసులు 1958 నుంచి 1970 వరకు లీటరుకు దాదాపు 860 మైక్రోగ్రాములున్న నీరు తాగారు. శుద్ధి కేంద్రం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా అక్కడ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు ఎక్కువగానే నమోదయ్యాయి. మీ మోతాదు అంతకన్నా చాలా తక్కువ, తాగిన కాలమూ తక్కువే, కనుక బెంబేలెత్తనక్కర లేదు. అలాగని నీరు మార్చడాన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. ఒంట్లో చేరిన ఆర్సెనిక్ కోసం చేసే మూత్ర పరీక్ష గత కొద్ది రోజుల సంగతే చెబుతుంది, గోళ్ల పరీక్ష కొన్ని నెలలది చెబుతుంది. మూత్ర పరీక్షకు ముందు కొన్ని రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానండి. వాటిలోని అంతగా హాని చేయని ఆర్సెనిక్ కూడా మొత్తం లెక్కలో కలిసిపోతుంది.

సమాధానం (నదియా జిల్లాలో పనిచేసిన ఇంజనీరు):
ఇక్కడి లోతు తక్కువ బోర్లలోనే సమస్య ఎక్కువ. పక్కపక్క ఇళ్ల బోర్లకే ఎంతో తేడా ఉంటుంది కనుక పొరుగువారి రిపోర్టును నమ్ముకోకుండా, 150 మీటర్లు దాటిన బోరు నీటినైనా పరీక్షించాకే వాడండి. ఆర్‌ఓ కొంటే బయటకొచ్చే నీటిని తప్పక పరీక్ష చేయించండి, ఎందుకంటే భూగర్భజలంలో ఎక్కువగా ఉండే మూడో వేలెన్సీ ఆర్సెనిక్‌కు (ఆర్సెనైట్ అనే రూపానికి) విద్యుదావేశం ఉండదు, అందుకే ఆర్‌ఓలోని పొర దాన్ని అంతగా ఆపలేదు, కొంత జారిపోతుంది. స్నానానికి, బట్టలకు పాత పంపు నీరు వాడుకోవచ్చు. వంటకు మాత్రం వద్దు. మంచి నీరు దొరికాక అన్నం ఎక్కువ నీటిలో ఉడికించి గంజి వార్చితే బియ్యంలో ముందే ఉన్న ఆర్సెనిక్ కూడా కొంత పోతుంది. ఆ గంజిని పాపకు పట్టకండి.