అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో బిగ్ 12 లీగ్ వదిలి బిగ్ టెన్ లీగ్‌కు మారాక నెబ్రాస్కా జట్టు డిఫెన్స్ ఎందుకు కూలింది? తప్పు పథకానిదా, మనుషులదా?

హస్కర్‌పిచ్చోడు:
పాత పుండు కెలుకుతున్నా, తిట్టుకోకండి. 2009 బిగ్ 12 ఫైనల్లో టెక్సాస్‌ను 13 పాయింట్లకు కట్టేసిన డిఫెన్స్ మనది (13-12తో ఓడాం, ఆ ఏడుపు వేరే). 2011లో బిగ్ టెన్‌కు మారాం. అక్కడ మొదటి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లోనే విస్కాన్సిన్ చేతిలో 48-17. మరుసటేడు ఫైనల్లో మళ్లీ వాళ్లే, 70-31. బంతి విసరకుండా, పట్టుకుని పరిగెత్తే 539 గజాలు!

మన అప్పటి కోచ్ బో పెలినీ లీగ్ మారినా పద్ధతి మార్చలేదంటాను. బిగ్ 12లో అందరూ మైదానమంతా పరుచుకుని బంతి విసిరేవాళ్లు. అందుకే లైన్‌బ్యాకర్‌ను (ముందు వరస వెనక నిలబడి పరుగును ఆపే బలమైనవాడు) తీసి అదనంగా ఒక డిఫెన్సివ్ బ్యాక్‌ను (విసిరిన బంతిని కాచే తేలికైనవాడు) దించేవాడు. అక్కడ భలే పనిచేసింది. టైట్ ఎండ్‌లు, ఫుల్‌బ్యాక్ లాంటి దారి తీసే బలమైనవాళ్లతో గుంపుగా మీద పడే విస్కాన్సిన్ ముందు ఆ చిన్న ఒళ్లు ఏం ఆగుతాయి?

అంచుకాపరి:
అన్నా, ఆ 539 ఎలా వచ్చాయో మళ్లీ చూడు. విస్కాన్సిన్ రన్నర్ మెల్విన్ గోర్డన్ 9 సార్లే బంతి పట్టి 216 గజాలు లాగాడు. జెట్ స్వీప్‌లు గుర్తున్నాయా? పక్క నుంచి ఉరుకుతూ వచ్చి, బంతి అందుకుని, అంచు చుట్టి పోవడం. అది గుద్దుకుని తోసుకెళ్లే ఆట కాదు. అంచు కాయాల్సినవాడు లోపలికి ఉరికితే, ఎంత లావు లైన్‌బ్యాకర్ ఉన్నా వీపు చూస్తూ నిలబడాల్సిందే. పైగా అదే ఏడాది సెప్టెంబర్లో ఇదే డిఫెన్స్‌తో ఇదే విస్కాన్సిన్‌ను 30-27తో ఓడించాం కదా!

హస్కర్‌పిచ్చోడు:
అది లింకన్‌లో, సొంతగడ్డ మీద. 27-10తో వెనకబడి మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మార్టినెజ్ పుణ్యమా అని బయటపడ్డాం. డిఫెన్స్ ఖాతాలో వేయకు.

అంచుకాపరి:
ఆ 27 తర్వాత వాళ్లకు ఒక్క పాయింటూ రాలేదు. చివర్లో నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), ఒక్క గజం కావాలి, వాళ్ల రన్నర్ మాంటీ బాల్‌ను మనవాళ్లు ఆపేశారు. అది ఎవరి ఖాతా?

డెట్రాయిట్_తెలుగోడు:
ఇద్దరూ అసలు మనిషిని మరిచారు. మన డిఫెన్స్ లైన్‌మన్ సూ! ఆ 2009 ఫైనల్లో టెక్సాస్ మీద నాలుగున్నర శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం). 2010 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట) రెండో పిక్‌గా మా డెట్రాయిట్ లయన్స్‌కు వచ్చేశాడు. మన లైన్‌బ్యాకర్ లవోంటే డేవిడ్ కూడా 2012లో ప్రొఫెషనల్ జట్టు టాంపా బేకు వెళ్లిపోయాడు. పెలినీ పద్ధతిలో లైన్‌మన్ ఎదుటివాణ్ణి చేతులతో నిలబెట్టి, అటూ ఇటూ రెండు గ్యాప్‌లు (రన్నర్ దూరే సందులు) కాయాలి. సూ లాంటివాడుంటే వెనక ఒక లైన్‌బ్యాకర్ తగ్గినా చెల్లుతుంది. మామూలువాడైతే రెండిట్లో ఒకటి తెరుచుకుంటుంది. లీగ్ మారకపోయినా ఈ డిఫెన్స్ దిగజారేదే.

హస్కర్‌పిచ్చోడు:
సరే, 2012 ఒక్క రాత్రి ఖర్మ అనుకుందాం. మరి 2014? అదే గోర్డన్, 25 సార్లలో 408 గజాలు. నాలుగో క్వార్టర్ ఆడనేలేదు! మూడేళ్లు ఆ లీగ్‌లో ఉండి కూడా నేర్చుకోలేదంటే కోచ్‌ను కాక ఎవర్ని అనాలి?

అంచుకాపరి:
2014కు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి. ఒక్క మ్యాచ్‌లో అత్యధిక పరుగు గజాలుగా ఆ 408 రికార్డు వారమే నిలిచింది. తర్వాతి శనివారమే ఓక్లహోమా కుర్రాడు సమాజే పెరీన్ కాన్సస్ మీద 427 కొట్టాడు. ఏ లీగ్‌లో? నువ్వు ‘విసిరేవాళ్లది’ అన్న బిగ్ 12లోనే.

హస్కర్‌పిచ్చోడు:
...ఈ వారాంతం 2012 ఫైనల్ మళ్లీ చూసి, అంచులు లెక్కపెట్టి చెబుతా. 2014ది మాత్రం చూడమనకు.